పోయినాడు అనే మాట

మా ఇంట్లో రెండేళ్ల పాటు ఒక మాట మీద నిషేధం ఉండేది. పెట్టింది నేనే. ఆ మాట 'పోయినాడు'.

మా చిత్తూరు పక్క మనిషి గడప దాటితే చాలు, పోయినాడనే అంటారు. అంగడికి పోయినాడు, క్షవరానికి పోయినాడు, తోపుకు పోయినాడు. మనిషి చచ్చిపోయినా అదే మాట. ఏది ఏ పోవడమో చెప్పేవాళ్ల ముఖం చూసి తెలుసుకోవాలి. పుట్టినప్పటి నుంచీ వింటున్నదే కాబట్టి ఎవరికీ తికమక ఉండదు. నాకూ ఉండేది కాదు. మా అమ్మ చనిపోయిన తర్వాత మాత్రం ఆ మాట చెవిన పడితే ఒళ్లు మండిపోయేది. ఇంట్లో ఇకమీదట ఎవరైనా సరే 'వెళ్లినాడు' అనాలని ఆర్డరు వేశాను. మా ఆయన సరేనన్నాడు. ఆయన దేనికైనా సరేనంటాడు, పైగా ఉద్యోగం నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలో, ఇంట్లో ఉండేది ఆదివారం ఒక్కరోజు. మా నాయన మాత్రం పకపకా నవ్వాడు.

"వెళ్లినాడంటే సావు రాదా అమ్మణ్ణీ?"

"పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు నాయనా. మంచి మాట అనరాదా?"

"వాళ్లకు మన సిత్తూరు మాట అర్థమవుతాదంటావా?"

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. కోపం వస్తే ఆ ఎర్రపెన్ను ఇంట్లోకీ వస్తుంది. నాయన నోరు జారిన ప్రతిసారీ "వెళ్లినాడు" అని దిద్దేదాన్ని. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, తొమ్మిదో తరగతి పిల్లాడిలాగా మళ్లీ చెప్పేవాడు. పాపం, అప్పుడప్పుడు గాభరాపడి "కరెంటు వెళ్లిపోయినాది" అనేవాడు.

అమ్మ సంగతి చెప్పకపోతే నా పిచ్చి అర్థం కాదు. ఆమెకు కడుపులో గడ్డ వచ్చింది. ఇక కొన్ని నెలలేనని డాక్టరు నాకు చెప్పాడు. నేను అమ్మకు పుండని చెప్పాను, మందులతో మానిపోతుందన్నాను. బంగారుపాళ్యం దగ్గర మాకు మామిడితోపు ఉంది. ఆమె ముప్పై ఏళ్లు కలుపు తీసి, నీళ్లు కట్టి పెంచిన తోపు. ఒక్కసారి చూసొస్తానని అడిగింది. "నయమయ్యాక వెళ్దాం లేమ్మా" అన్నాను. మళ్లీ అడిగింది, మళ్లీ అదే చెప్పాను. తిరుపతిలో ఒక ఆసుపత్రి గదిలో, పక్క బిల్డింగు గోడ తప్ప ఏమీ కనపడని కిటికీ పక్కన కన్నుమూసింది. తోపులోనే పూడ్చిపెట్టాం. ఆ తర్వాత నేను ఆ వైపు వెళ్లలేదు. నాయనను తీసుకొచ్చి చిత్తూరులో నా దగ్గర పెట్టుకున్నాను. తోపును చిన్నాయన చూసుకుంటున్నాడు.

ఏడాదిన్నర గడిచేసరికి నాయనకు ఆయాసం మొదలైంది. పరీక్షలన్నీ చేశాక డాక్టరు నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. గుండె బాగా నీరసించింది, ఈ వయసులో ఆపరేషన్ మంచిది కాదు, మందులతో ఎన్నాళ్లు నెట్టుకొస్తుందో చెప్పలేను అన్నాడు. ఇంకొకటి కూడా అన్నాడు: "ఆయనకు చెప్పండి. తిరగ్గలిగినంత తిరగనివ్వండి."

బయటికొచ్చి నాయనకు ఏం చెప్పానంటే, కొంచెం నీరసమంట, రెస్టు తీసుకోవాలంట, అని.

ఇక నా పాలన మొదలైంది. మెట్లెక్కకూడదు. బస్సెక్కకూడదు. ఎండ తగలకూడదు. కొంచెం షుగరుంది కాబట్టి మామిడిపండు వంక చూడకూడదు. మామిడితోపు యజమానికి ఇంతకన్నా ఏం కావాలి! పొద్దున లేస్తే పలకరింపు కన్నా ముందు కాళ్లు వాచాయా లేదా అని నొక్కి చూసేదాన్ని. ఆయన గదిలో దగ్గు వినపడితే ఒక భయం, వినపడకపోతే ఇంకో భయం. మనిషిని బతికించుకోవడం అంటే కదలకుండా కూర్చోబెట్టడమని అనుకున్నాను. ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని రోడ్డున పోయే బస్సుల బోర్డులు చదివేవాడు. ఏడు నెలలు అలా గడిచాయి.

జూన్‌లో చిన్నాయన ఒక గంప బేనీషా మామిడిపళ్లు పంపాడు. నాయన ఒక పండు తీసుకుని ముచ్చిక దగ్గర వాసన చూశాడు. అది మా తోపులో ఏ వరస చెట్టుదో కూడా చెప్పాడు.

"ఒక ముక్క కోసియ్యి అమ్మణ్ణీ."

"వద్దు నాయనా. నయమయ్యాక తిందువులే."

అన్నాక నాకే చురుక్కుమంది. ఎక్కడో విన్న మాటలా అనిపించింది. నాయన నా వంక ఒకసారి చూసి పండును మళ్లీ గంపలో పెట్టేశాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు నాకు తిరుపతిలో పదో తరగతి సప్లిమెంటరీ పేపర్లు దిద్దే డ్యూటీ. పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. అక్కడ ఫోన్లు బయట పెట్టేసి లోపలికి వెళ్లాలి. ఒక పిల్లాడు 'రైతు సంతకు పోయినాడు' అని రాసి ఉంటే, దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి అర మార్కు కోసేశాను. ఆ మాట తప్పేమీ కాదని నాకు తెలుసు. అయినా కోశాను.

భోజనం టైములో బయటికొచ్చి, మాత్రలు వేసుకున్నాడో లేదో అడుగుదామని నాయన ఫోనుకు చేశాను. చాలాసేపు మోగింది. చివరికి ఎత్తింది ఆయన కాదు, పక్కింటి ఆపా. వాళ్లది టైలరింగ్ చేసే సాయిబుల కుటుంబం, ఆమెను మా వీధంతా ఆపా అనే పిలుస్తారు. మా ఇంటి తాళంచెవి ఒకటి ఆమె దగ్గరుంటుంది. ఆమె గొంతు పూడుకుపోయి ఉంది. మాట మధ్యలో ఎక్కిళ్లలాంటివి వినపడుతున్నాయి.

"మీ నాయన పోయినాడమ్మా," అంది. "పొద్దున్నే... నువ్వు అట్ల బస్సెక్కినావో లేదో, ఇట్ల పోయినాడు."

అంతే, ఫోన్ కట్టయింది. మళ్లీ చేశాను. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు.

రెండేళ్లు ఆ మాటను ఇంట్లోకి రానివ్వలేదు కదా. అంగడికి పోవడం, క్షవరానికి పోవడం అన్నీ దాంట్లోంచి తుడిచేసి, ఒక్క చావును మాత్రం మిగిల్చిపెట్టాను. నా చెవికి ఇంకో అర్థం తట్టే దారి లేదు. చిత్తూరులో పుట్టి బుద్ధెరిగిన మనిషిని, తెలుగు టీచర్ని, నా సొంత మాట నాకే అర్థం కాకుండా చేసుకున్నాను.

పక్కనున్న టీచరు నా ముఖం చూసి ఏమైందని అడిగింది. "మా నాయన..." అన్నాను. ఆమే నన్ను ఆటోలో బస్టాండుకు చేర్చి చిత్తూరు బస్సెక్కించింది. మా ఆయనకు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్, షిఫ్టులో ఉంటే ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి. చిన్నాయనకు చెయ్యాలి. పెద్దన్న చనిపోతే ముందు తమ్ముడికి చెప్పాలి. ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను గానీ నొక్కలేకపోయాను. చెబితే నిజమైపోతుందని. చెప్పకపోతే ఇంకా కొంచెం మిగిలి ఉంటుందని.

అప్పుడు నాకు గుర్తొచ్చింది నాయన మొహం కాదు, ఆ పండు. వాసన చూసి గంపలో పెట్టేసిన చెయ్యి. అమ్మకు చేసిందే ఈయనకూ చేశాను. ఒకసారి చేస్తే తెలియక అనుకోవచ్చు, రెండోసారి కూడా చేశాను. ముందు సీటు కమ్మీ మీద తల ఆనించి వలవలా ఏడ్చాను.

ఆ తర్వాత జరిగింది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఏడ్చి ఏడ్చి తల ఎత్తేసరికి బస్సు చంద్రగిరి చేరింది. కోట కొండ ఎండలో కనపడుతోంది. కండక్టరు ఎవరితోనో చిల్లర కోసం గొడవ పడుతున్నాడు. నా ఊపిరి నేను తీసుకుంటున్నాను. ఏడు నెలలుగా రోజూ పొద్దునా సాయంత్రం దేనికైతే వణికిపోయానో అది జరిగిపోయింది. నేను బస్సులో కూర్చునే ఉన్నాను. ఇక ఆ దగ్గు కోసం చెవులు రిక్కించక్కర్లేదు. లోపల ఎక్కడో ఒక బరువు దిగింది. కన్న తండ్రి పోతే కూతురికి హాయిగా అనిపించడమేమిటని నన్ను నేను తిట్టుకున్నాను. కానీ అనిపించింది మాత్రం నిజం. నేను ప్రేమ అనుకుని మోసినదాంట్లో సగం నా భయమేనని అక్కడ తెలిసింది.

అలా తెలిశాకే చిన్నాయన నంబరు నొక్కగలిగాను.

"చిన్నాయనా," అన్నాను. ఇక తప్పదు. "నాయన పోయినాడు."

"ఆ, పోయినాడమ్మా," అన్నాడు చిన్నాయన తాపీగా. "నాకు తెలుసు గదా."

"నీకెవరు చెప్పినారు?"

"ఎవురో సెప్పేదేంది? ఆడ్నించి పోయినోడు ఈడికే వచ్చినాడు. పొద్దున తొమ్మిది గంటల కాడ్నించి నా పానం తీస్తా ఉండాడు."

వెనక నుంచి నాయన గొంతు, గుండె నీరసించిన మనిషి గొంతులా లేదు: "ఒరే, ఆ కొమ్మ కాదప్పా! చిక్కం గడ ఇంకా పైకెత్తు! కాయకు సొన అంటనీయొద్దు!"

పోయిన ప్రాణం లేచొచ్చింది అంటారు. నాకు ఆయన ప్రాణం, నాది, రెండూ ఒకేసారి లేచొచ్చాయి. గట్టిగా నవ్వాను. ఏడుపూ వచ్చింది. పక్క సీటు ఆవిడ బెదిరిపోయి నీళ్ల సీసా ఇచ్చింది. "మా నాయన పోయినాడండీ, మామిడికాయలు కోయించను పోయినాడు" అన్నాను. ఆవిడ, "అయితే మంచిదేగా" అని కిటికీ వైపు కొంచెం జరిగి కూర్చుంది.

ఆపా కథ తర్వాత తెలిసింది. పొద్దున నాయన తాళంచెవి ఇచ్చి, తోపుకు పోతున్నానని చెప్పి, ఫోను చార్జింగులో మర్చిపోయి వెళ్లాడు. ఆమె మిరపకాయలు వేయిస్తూ ఉంటే ఫోన్ మోత ఆగకుండా వినపడిందట. ఆ ఘాటుకు దగ్గుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ వచ్చి ఎత్తింది. చెంప తగిలి ఫోన్ కట్టయిపోతే, పొయ్యి మీద మిరపకాయలు మాడుతున్నాయని పరిగెత్తింది.

చిత్తూరులో బస్సు మారి బంగారుపాళ్యంలో దిగాను. చిన్నాయన బండి తీసుకుని వచ్చాడు. తోపులోకి అడుగుపెట్టాను. రెండేళ్ల తర్వాత రావడం. నాయన తోతాపురి చెట్టు నీడలో గోనెపట్టా మీద కూర్చుని, ఎదురుగా కాయల గుట్ట పోయించి, దెబ్బ తగిలినవి ఏరుతున్నాడు. మూతికి పసుపుపచ్చ రసం. పండు తిన్నాడని తెలుస్తూనే ఉంది, తుడుచుకోవాలన్న భయం కూడా లేదు.

"యాడికి పోయినావు నాయనా నువ్వు?" అని అరిచాను.

ఆయన తలెత్తి నన్ను చూసి, తమ్ముడి వైపు తిరిగి, "ఇనింటివా? పోయినావు అనేసింది!" అన్నాడు.

చిన్నాయన వదల్లేదు. "సావుకు పెడితే గానీ లంకణానికి దిగలేదు అన్నా, నీ కూతురు."

నేను ఆయన పక్కన కూలబడి జరిగిందంతా చెప్పాను. మొదట నవ్వాడు. నేను బస్సులో చిన్నాయనకు ఫోన్ చేయలేక కూర్చున్నానని చెప్పేసరికి నవ్వు ఆపి, చేతిలో కాయ కింద పెట్టి, నా తల మీద చెయ్యేశాడు. సొన వాసన.

"నాకు తెలుసు అమ్మణ్ణీ," అన్నాడు. "డాక్టరు నీకు సెప్పింది నాకూ సెప్పినాడు. కాణిపాకం గుడికని నిన్ను ఒప్పించి ఒకనాడు ఆటోలో పోలా? ఆ పొద్దు నేరుగా ఆయన కాడికే పోయినా. ఎంతకాలం ఉంటానప్పా అని అడిగినా. ఉన్నెంతకాలం బాగా ఉండు అన్నాడు. మంచోడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నాకెందుకు సెప్పలా?"

ఏడు నెలలు ఒకే ఇంట్లో, ఒకే పళ్లెం ముందు కూర్చుని, ఇద్దరం ఒకే సంగతిని ఒకరి నుంచి ఒకరం దాచుకున్నాం.

ఆయన ఇంకొకటి కూడా చెప్పాడు. నా కళ్లలోకి చూడకుండా, కాయలు ఏరుతూ చెప్పాడు.

"మీయమ్మకూ తెలుసు. అమ్మణ్ణి పుండని సెప్తా ఉండాది, పుండే అనుకుందామని నాతో అనింది. అది తట్టుకోలేదు, నాకు తెలిసినట్టు దానికి తెలీనీయొద్దండి అని నా చేత ఒట్టేయించుకునింది."

చివరి నెలంతా అమ్మ నాకోసం నటించింది. నయమయ్యాక వెళ్దామని నేను చెబితే, సరేనమ్మా అని తలూపింది, నయం కాదని తెలిసీ. చచ్చిపోయే మనిషి చేత నేను ఆ పని చేయించాను. ఆమెకు చెప్పుకోవాలని ఏమైనా ఉండి ఉంటే, ఆ మాటలన్నీ మింగేసి నాకు ధైర్యం చెప్పింది. అప్పుడు ఏడ్చిన ఏడుపు బస్సులో ఏడ్చినదాని లాంటిది కాదు. నాయన కాయలు ఏరుతూ నన్ను ఏడవనిచ్చాడు.

నేను కళ్లు తుడుచుకున్నాక, "మీయమ్మకు ఓపిక ఎక్కువ," అన్నాడు. "నాకు ఆ నాటకాలు చేతకావు. అందుకే పొద్దున బస్సెక్కేసినా."

ఆ సాయంత్రం ఇద్దరం అమ్మ సమాధి దగ్గరికి నడిచాం. ఆయన మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. ప్రతిసారీ నా చెయ్యి ఆయన నాడి మీదికి పోబోయింది, ఆపుకున్నాను. సమాధి పక్కన నాలుగడుగుల జాగా చూపించి, "నన్ను ఈడ పెట్టండి. నీళ్ల పైపు ఈ మూలన పోతాది, తవ్వేటప్పుడు చూసుకోండి, పగిలితే తోపంతా ఎండిపోతాది" అన్నాడు. ఇంటికి బోరు వేయించేవాడు కొలతలు చెప్పినట్టు చెప్పాడు. నేనూ అలాగే విన్నాను. తల ఎటు, కాళ్లు ఎటు అని అడిగాను. అడగగలిగానని నాకే ఆశ్చర్యం. ఆ రెండు ప్రశ్నలు అడిగాక ఆయన గురించి నేను అడగలేని ప్రశ్న ఇక ఏదీ మిగల్లేదు. చాలా తేలికగా అనిపించింది.

మర్నాడు వాల్యుయేషన్‌కు వెళ్లి నిన్నటి కట్ట అడిగాను, ఆ అర మార్కు తిరిగి ఇచ్చేద్దామని. కట్టలు సీలు వేసి పంపేశారు. ఆ పిల్లాడెవరో, ఎక్కడున్నాడో, క్షమించాలి.

ఇంట్లో నిషేధం ఎత్తేశాను. నాయన ఆ వారమంతా కావాలని, అక్కర ఉన్నా లేకున్నా, పోయినాడు పోయినాడు అంటూ తిరిగాడు. పాలవాడు పోయినాడు, కరెంటోడు పోయినాడు, నీ మొగుడు నాయుడుపేటకు పోయినాడు. డాక్టరు దగ్గరికి ఈసారి ఇద్దరం కలిసే లోపలికి వెళ్లాం. మామిడిపండు రోజుకు రెండు ముక్కలని ఒప్పందం కుదిరింది. ముక్క ఎంత సైజు అన్నది మాత్రం ఆయనా నేనూ ఇప్పటికీ కొట్లాడుకునే విషయం. వారానికి రెండు రోజులు బస్సెక్కి తోపుకు పోతాడు. ఫోను జేబులో పెట్టుకుంటాడు. అది నేను పెట్టిన షరతు. పెళ్లికి ముందు మా అమ్మను మొదట ఎక్కడ చూశాడో, వాళ్లమ్మకు, అదే మా జేజికి, ఎంత భయపడేవాడో, ఏ చెట్టు ఎవరు అంటు కట్టారో, నేను ఇంతకు ముందు అడగనివీ ఆయన చెప్పనివీ అన్నీ చెబుతున్నాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఒప్పుకున్నాక మాటలకు ఇంత తీరిక దొరుకుతుందని నాకు తెలియదు.

అప్పుడప్పుడు కాళ్లు వాస్తాయి. రెండుసార్లు ఆసుపత్రిలో చేరి వచ్చాడు. రెండోసారి బాగా భయపెట్టాడు. నేను మారిపోయి మహాజ్ఞానినైపోయానని కాదు, ఆ మూడు రోజులూ నాకు అన్నం సహించలేదు. అయితే ఈసారి ఆయనకు ఏమీ అబద్ధం చెప్పలేదు. "భయంగా ఉండాది నాయనా" అన్నాను. "నాక్కూడా కొంచెం ఉండాది" అన్నాడు. చేతులు పట్టుకుని కూర్చున్నాం. ఇద్దరం కలిసి భయపడితే ఇంత తేలికా అనుకున్నాను.

మొన్న మార్చిలో ఒక ఆదివారం నేనూ తోపుకు వెళ్లాను. చెట్లకు గోళీలంత పిందెలు. "ఇవి పండేదాకా ఉంటే నేను తింటా, లేకుంటే నా రెండు ముక్కలు గూడా నువ్వే తిను" అన్నాడు నాయన. చిన్నాయన ఇంటి నుంచి రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి వచ్చాయి. కడుపు నిండా తిని, ఆయన తనకోసం చూపించిన ఆ నాలుగడుగుల జాగాలోనే చాప పరుచుకున్నాం. మధ్యాహ్నం పూట తోపు మొత్తంలో గాలి బాగా ఆడేది అక్కడే. మాట్లాడుతూ మాట్లాడుతూనే నాకు కన్ను మూతపడింది.

మెలకువ వచ్చి చూస్తే పక్కన నాయన లేడు. చాప ఖాళీ. తువ్వాలు ఉంది, చెప్పులు ఉన్నాయి, మనిషి లేడు. తోపంతా నిశ్శబ్దంగా ఉంది.

ఒకప్పుడైతే కేక పెట్టి లేచి పరిగెత్తేదాన్ని. అలాగే పడుకుని పై కొమ్మల్లోకి చూస్తూ ఆ భయం కోసం కాసేపు ఎదురుచూశాను. రాలేదు. ఒకవేళ అదే అయితే, ఈ రోజు ఆయన సంగటి ఇష్టంగా తిన్నాడు, తమ్ముడితో పోట్లాడాడు, నేను చెప్పాల్సింది చెప్పాను, ఆయన చెప్పాల్సింది చెప్పాడు. మిగిలింది ఏడుపు ఒక్కటే, అది ఎప్పుడైనా ఏడవవచ్చు.

కాసేపటికి తోపు ఆ చివరి నుంచి నాయన ఎవరినో మందు సరిగ్గా కొట్టలేదని తిట్టడం వినపడింది. వట్టి కాళ్లతో పోయినాడు మహానుభావుడు. నేను అటు తిరిగి పడుకున్నాను.